తియ్యమంటే తీసింది

దిల్షాద్ బేగం ఫోన్ చేసేసరికి త్రిమూర్తులు అల్ బర్షాలో కొత్తగా కడుతున్న ఒక విల్లాలో నిచ్చెన మీద ఉన్నాడు. సీలింగ్ రంధ్రంలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, కనపడని వైరు కొసని వేళ్ళతో వెతుకుతున్నాడు. గురువారం సాయంత్రం నాలుగున్నర దాటింది. అయిదింటికి కంపెనీ వ్యాను వస్తుంది. అది తప్పిపోతే, మెట్రో కోసం ఊరంతా తవ్విపోసిన రోడ్లలో బస్సులు మారి సత్వాలోని తన గదికి చేరేసరికి తిండి వేళ కూడా దాటిపోతుంది. ఫోనుని భుజానికీ చెవికీ మధ్య ఇరికించాడు.

"నాయనా, నేను దిల్షాద్‌ను. జుమేరా ఇంట్లో పనిజేసే ఆమెను."

"చెప్పండమ్మా."

"హాల్లో చేపల తొట్టి ఉండాది గదా. నీళ్ళు తగ్గింటాయి, నింపమని మేడం మస్కట్ నుంచి ఫోన్ జేసింది. వంటింటి గోడకుండే స్క్రీన్ మీద నీళ్ళ బొమ్మ నొక్కినా. ఇప్పుడు ఆ బొమ్మ ఎర్రగా మెరుస్తాంది. కుయ్ కుయ్‌మని ఒకటే అరుపు."

వైరు కొస తగిలినట్టే తగిలి జారిపోయింది. "నిండిపోయిందండి. ఇంక తీసెయ్యండి."

అవతల కాసేపు మాట లేదు. కుయ్ కుయ్ మాత్రం వినపడుతోంది.

"తీసేదా?"

"ఆయ్, తీసెయ్యండి. తీసేసి మీ పని మీరు చూసుకోండి."

"సరే నాయనా. రేపు నాకు సెలవు గదా, మా ఆయప్ప వచ్చి గేటు కాడ నిలబడుండాడు. కుసైస్‌లో మా వాళ్ళింటికి పోతాండాము. అందుకే తొందరగా అడిగినా."

ఫోనులో అరుపు ఆగిపోయింది. అరుపు ఆగింది కాబట్టి పని అయిపోయిందనుకున్నాడు త్రిమూర్తులు. ఆమె కూడా అదే అనుకుంది. అతను ఫోను జేబులో వేసుకుని, మళ్ళీ రంధ్రంలో చెయ్యి పెట్టి, ఈసారి వైరు దొరకబుచ్చుకున్నాడు.

శనివారం పొద్దున్నే మేడం ఫోన్ చేసింది. కోపంగా కూడా లేదు ఆ గొంతు. "వెంటనే రా" అంది, అంతే.

జుమేరా విల్లా హాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. చెక్కనేల పలకలు తడికి ఉబ్బి, ఒకదానినొకటి తోసుకుని, ఎండిన చెరువు మట్టిలా పైకి లేచి ఉన్నాయి. తివాచీలని మేడమీదకి లాగి ఎండేశారు. సోఫాల కాళ్ళు నల్లబడ్డాయి. హాలు మధ్యలో పాలరాతి తొట్టిలో ఎర్రచేపలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి. వాటికేం, ఒకరోజు పాటు ఇల్లంతా వాటిదే అయింది.

మేడం నేలమీద గోడవారగా కూర్చుని ఉంది. ఆమె ముందు నాలుగు ఫోటో ఆల్బములు. చిన్న పట్టకారుతో ఒక్కో ఫోటోని వేరుచేసి తువ్వాలు మీద పరుస్తోంది. కొన్ని వేరుపడుతున్నాయి, కొన్నింటికి ముఖాలు అంటుకుని అవతలి కాగితం మీదకి పోతున్నాయి.

"మా నాన్నవి" అంది ఇంగ్లీషులో, తల ఎత్తకుండా. "పోయి రెండేళ్ళయింది. కింది అరలో పెట్టాను." తర్వాత కళ్ళు తుడుచుకుని లేచింది. "ఈ ఇంట్లో ఏం జరిగినా సిస్టం రాసి పెట్టుకుంటుందని నువ్వే చెప్పావు కదా. చూడు. ఎవరో, ఎప్పుడో, నాకు తెలియాలి."

మెట్ల కింద అలమారలో ఉంది ఆ ఇంటి మెదడంతా. లైట్లు, ఏసీలు, కర్టెన్లు, గేటు, నీళ్ళు, అన్నిటికీ అక్కడినుంచే వైర్లు. గోడలకి అంటించిన టచ్‌స్క్రీన్ తెరల మీద వేలు పెడితే ఇల్లు చెప్పినట్టు వింటుంది. చెప్పడం వస్తే. ఆ చెప్పడం నేర్పడమే త్రిమూర్తులు ఉద్యోగం. ఈ దేశానికి వైర్లు లాగడానికి వచ్చినవాడు, కంపెనీ ఇంజనీర్ల భుజాల మీదుగా చూసి లాప్‌టాప్ పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇళ్ళవాళ్ళు అతన్ని ఇంజనీరు అనే పిలుస్తారు. అతను కాదని ఎవరికీ చెప్పడు.

లాప్‌టాప్‌కి వైరు తగిలించి, మెట్లమీద కూర్చుని, గురువారం నాటి పట్టీ తెరిచాడు. దిల్షాద్ బేగం వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళ మనిషి, రాయచోటి దగ్గర పల్లె. తడిబట్ట పిండుతూ అలాగే చేతిలో పట్టుకుంది.

నాలుగూ ఇరవై: వంటింటి తెర, నీళ్ళు, ఓపెన్. నాలుగూ ముప్ఫై అయిదు: తొట్టి నిండింది, అలారం. నాలుగూ ముప్ఫై ఏడు: వంటింటి తెర, నీళ్ళు, ఓపెన్.

క్లోజ్ ఉండాల్సిన చోట ఓపెన్ ఉంది. ఆ తర్వాత, మేడం మస్కట్ నుంచి తిరిగొచ్చి నీళ్ళు ఆపిన శుక్రవారం రాత్రిదాకా ఏమీ లేదు. మరోసారి చదివాడు. ఏ బొమ్మ నొక్కినా అలారం ఆగుతుంది, అలా పెట్టింది అతనే. రెండు గంటలకి నీళ్ళు వాటంతటవే ఆగిపోయే ఏర్పాటు కూడా ఉండేది. తొట్టి కడిగి నింపుతుంటే మధ్యలో ఆగిపోతోందని మేడం విసుక్కుంటే, పోయిన నెల అతనే తీసేశాడు.

"అమ్మా, అరుపు వచ్చినప్పుడు మీరు ఏ బొమ్మ నొక్కారు?" అని తెలుగులో అడిగాడు.

వంటింటి తెర మీద బొమ్మలు కూడా అతని చేతివే. దిల్షాద్ బేగంకి ఏ భాష అక్షరాలూ రావు. ఇంగ్లీషు మాటలున్న తెర ముందు ఆమె బిక్కుబిక్కుమంటూ నిలబడటం చూసి, రెండు నెలల కిందట ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఆమె కోసమే గీశాడు. నీళ్ళకి రెండు కుళాయిలు. ఒకదాని నుంచి చుక్కలు పడుతుంటాయి. ఇంకోదాని మీద అడ్డంగా గీత.

ఆమె తెర దగ్గరకెళ్ళి చుక్కలు పడే కుళాయి మీద వేలు ఆనించకుండా చూపించింది.

"తియ్యమంటివి గదా నాయనా, తీసినా."

త్రిమూర్తులుకి అప్పుడు అర్థమైంది. వాళ్ళ అయినవిల్లి వైపు లైటు వెయ్యి అంటే వెలిగించమని, తీసెయ్ అంటే ఆపమని. ఫ్యానైనా, మోటారైనా, టీవీ అయినా అంతే. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అదే మాట. ఆపెయ్యండి అని అతను చెప్పాడు. తెరవమని ఆమె విన్నది. నిండిన తొట్టికి ఇంకా నీళ్ళు తెరవమంటాడేమిటని అనుమానం వచ్చి, తీసేదా అని ఆగి మరీ అడిగింది.

"ఏమంటోంది?" అని అడిగింది మేడం ఇంగ్లీషులో.

దిల్షాద్ బేగం అతని నోటివైపే చూస్తోంది. ఇంగ్లీషు రాకపోయినా, ఆ నోటినుంచి ఎన్ని మాటలు వస్తాయో లెక్కపెడుతున్నట్టు చూస్తోంది.

"ఓపెన్ నొక్కాను అంటోంది మేడం."

అబద్ధం కాదు. ఆమె అన్నదాంట్లో సగం. ఆ సగం చెప్పాక మిగతా సగం గొంతులోంచి పైకి రాలేదు. వస్తుందేమోనని అతనూ చూశాడు.

మేడం దిల్షాద్ వైపు తిరిగి హిందీలో అడిగింది. తొమ్మిదేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నావు, నా పిల్లల్ని ఎత్తుకు తిరిగావు, నీళ్ళు వదిలేసి మొగుడితో ఎలా వెళ్ళావు, ఎందుకు నొక్కావు అని. ఉర్దూ దిల్షాద్ బేగంకి ఇంటి భాష. కావాలంటే మొత్తం అక్కడే విడమరిచి చెప్పగలదు. ఆమె ఇంకోసారి త్రిమూర్తులు వైపు చూసి, తల దించుకుంది.

"గల్తీ హో గయీ మేడం" అని తప్పు ఒప్పుకుంది.

త్రిమూర్తులు సర్వీసు కాగితం తీశాడు. కారణం అన్నచోట, వాడినవారి పొరపాటు అని ఇంగ్లీషులో రాశాడు. మేడం చదవకుండానే సంతకం పెట్టింది. తేలు కుట్టిన దొంగకైనా కాస్త మూలుగు ఉంటుందేమో, అతనికి అదీ లేదు. పెట్టె సర్దుకుని, చెప్పులు వేసుకుని, బయటపడ్డాడు.

వ్యాను నడిపే జానీ బాషాది నంద్యాల. ఎండలో కాలిన సీటు మీద తువ్వాలు పరిచి, "ఏంది ఇంజనీరు సారూ, మొగం అట్ల పెట్టినావు?" అన్నాడు.

కరామా సిగ్నల్ దగ్గర త్రిమూర్తులు అడిగాడు: "బాషాగారూ, మీవైపు లైటు తీసెయ్ అంటే ఏం చేస్తారండి?"

"లైటు తీసేదేంది? బల్బు ఊడబీకమంటావా?"

"అంటే, ఆపాలంటే ఏమంటారు?"

"ఆర్పు అంటాం. లేకుంటే బంద్ చెయ్ అంటాం." బాషాకి సరదా పుట్టింది. "మీరు లైటు తీసేస్తారా? మరి తలుపు తియ్ అంటే మీ కోనసీమలో ఏం జేస్తారప్పా, మూస్తారా?"

"తెరుస్తామండి."

"ఓహో. తలుపు తీస్తే తెరిచినట్టు, లైటు తీస్తే ఆర్పినట్టు. తలుపేస్తే మూసినట్టు, లైటేస్తే ఎలిగినట్టు." స్టీరింగు మీద కొట్టి నవ్వాడు. "మీ తెలుగు పాడుగాను! అయినా ఎందుకడుగుతాండావు?"

"ఊరికేనండి" అన్నాడు త్రిమూర్తులు, కిటికీ వైపు తిరిగి.

ఆ మాట విన్నాక అతనికి మిగిలిన చిన్న సందు కూడా మూసుకుపోయింది. అంతదాకా, ఆమె కంగారులో తప్పు బొమ్మ నొక్కి ఉంటుందిలే అని మనసులో ఒక మూల పెట్టుకున్నాడు. ఆమె కంగారుపడలేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది. ఈ వ్యవహారంలో అనుమానం వచ్చి ఆగింది ఆమె ఒక్కతే.

ఆదివారం అల్ కుసైస్‌లో కంపెనీ గోడౌను దగ్గర కేబుల్ చుట్టలు లెక్కచూస్తుంటే, వాచ్‌మన్ వచ్చి నీకోసం ఎవరో వచ్చారన్నాడు. బయట నీడలో ఒక మనిషి టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. సిమెంటు తిని గరుకెక్కిన వేళ్ళు, గోళ్ళ చుట్టూ తెల్లటి పగుళ్ళు.

"నా పేరు నబీ రసూల్ సార్. దిల్షాద్ మా ఇంటామె. మేస్త్రీ పనిజేస్తా, ఈ పక్కనే మా క్యాంపు."

త్రిమూర్తులు ఒక అడుగు వెనక్కి వేశాడు. అంతా తెలిసిపోయి తగాదాకి వచ్చాడనుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "నేనేం..." అని ఏదో మొదలుపెట్టాడు కూడా. నబీ రసూల్ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు బొమ్మలు ఏసిచ్చినారంట. ఆమె ఎప్పుడూ చెప్తాంటాది. చదువు రానిదానికి అంత ఓర్పుగా ఎవురు చెప్తారు సార్? మా కొడుకు తౌసీఫ్ గాడు కూడా అమ్మకు ఫోన్ ఎట్ల వాడాల్నో రెండుసార్లు చెప్పి ఇసుక్కుంటాడు."

"అదేం లేదండి."

"మేడం పంపించేస్తాందంట సార్. రేపు పొద్దున వీసా కాగితాలు చూసే పీఆర్వో పాస్‌పోర్టు తీసకపోయి వీసా క్యాన్సిల్ జేయిస్తాడంట. ముద్ర పడినాక ఖలాస్. ఎందుకు నొక్కినావే అంటే ఏమీ చెప్పదు. గల్తీ నాదే, వదిలెయ్ అంటాది. తొమ్మిదేండ్లలో ఆమె ఒక గ్లాసు పగలగొట్టింది లేదు."

లారీ ఒకటి వెనక్కి వస్తుంటే ఇద్దరూ గోడకి ఆనుకున్నారు. అది పోయాక నబీ రసూల్ గొంతు తగ్గించాడు.

"మాకు వారానికి ఒక శుక్రవారం సార్. క్రీక్ ఒడ్డున కూచుంటాం. పనేముండాది, ఊరికే కూచుంటాం. ఆమె డబ్బాలో ఏదో ఒకటి తెస్తాది. అబ్రా పడవలు వస్తాంటాయి, పోతాంటాయి. సాయంత్రం బస్సెక్కిస్తా. ఊర్లో ఉన్నప్పుడు కూడా మేము అంత నిమ్మళంగా కూచుండింది లేదు. నాకింగా మూడేండ్లు కాంట్రాక్టు ఉండాది. ఆమె పోతే..." టోపీని మడతపెట్టాడు. "మీరు ఇంగ్లీషులో మాట్లాడతారు. మీ మాట మేడం వింటాది. ఆమె నిర్లక్ష్యంగా చేసే మనిషి కాదు అని ఒక్క మాట చెప్తారా సార్?"

"చెప్తానండి" అన్నాడు త్రిమూర్తులు. "రేపు పొద్దున్నే చెప్తాను."

నబీ రసూల్ చెయ్యి గుండెకి ఆనించి, మలుపు తిరిగేదాకా రెండుసార్లు వెనక్కి చూసి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణాలు భరించడం త్రిమూర్తులు వల్ల కాలేదు. ఫోను తీశాడు. మేడం నంబరు దాకా వెళ్ళాడు. రేపు పొద్దున్నే అన్నాం కదా అనుకున్నాడు. ముందు ముదీర్‌కి చెప్పాలేమో అనుకున్నాడు. ముదీర్ అంటే కంపెనీ మేనేజరు. పోయినేడు ఒక ఇంట్లో షాండ్లియర్ పడేసిన కుర్రాడిని మర్నాడే విమానం ఎక్కించిన మనిషి. లాప్‌టాప్ లాగేసుకుని మళ్ళీ కేబుల్ చుట్టలు మోయిస్తాడా, అసలు ఇంటికే పంపిస్తాడా? సాకులు ఒకదాని వెనక ఒకటి వచ్చి వరుసగా నిలబడ్డాయి. నబీ రసూల్ కన్నా ఓర్పుగా ఉన్నాయవి. ఫోను జేబులో వేసుకుని కేబుల్ చుట్టల లెక్క మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

సోమవారం తొమ్మిదింటికి నిజంగానే ఫోన్ చేశాడు. జెబెల్ అలీలో సైటు బయట, ఎవరూ లేని చోటు చూసుకుని, ఇంగ్లీషులో మొదటి వాక్యం పొద్దున్నుంచీ బట్టీపట్టి మరీ చేశాడు. మేడం, ఆ రోజు దిల్షాద్ నాకు ఫోన్ చేసింది. ఇదీ వాక్యం.

"మంచిపని చేశావు, నేనే చేద్దామనుకుంటున్నాను" అంది మేడం. వెనక ఎవరో మగమనిషి అరబిక్‌లో ఏదో అంటున్నాడు. "రేపు రా. కొత్త అమ్మాయి వస్తోంది, వంటింటి తెర మార్చాలి. నీళ్ళకి పాత రెండు గంటల ఏర్పాటు మళ్ళీ పెట్టు."

"అలాగే మేడం."

"ఇంకేమైనా ఉందా?"

ఎదుట క్రేను ఒక ఇనపదూలాన్ని మెల్లగా పైకి లేపుతోంది. దానివైపు చూస్తూ నిలబడ్డాడు.

"లేదు మేడం."

పెట్టేశాక తనమీద తనకే అసహ్యం పుట్టింది. తనది పిరికితనమని ఇదివరకు తెలియక కాదు, ఇంత చవకరకమని తెలియదు. తీసేదా, అని ఫోనులో ఆమె ఆగిన ఆగడమే మధ్యాహ్నమంతా చెవుల్లో తిరిగింది.

మంగళవారం జుమేరా వెళ్ళగానే, పెట్టె కింద పెట్టకుండానే చెప్పేశాడు. మేడం హాల్లోనే ఉంది. పనివాళ్ళు చెక్కపలకలు పీకి గోడవారన పేరుస్తున్నారు.

"మేడం, తప్పు దిల్షాద్‌ది కాదు. నాది. ఆమె నాకు ఫోన్ చేసి అడిగింది. నేను చెప్పిన మాట ఆమెకి తిరగబడి అర్థమైంది."

మేడంకి ముందు అర్థం కాలేదు. మాటలతో చెప్పలేక అతను గోడ దగ్గరకెళ్ళి లైటు ఆర్పి, తీశాను అన్నాడు. తలుపు తెరిచి, తీశాను అన్నాడు. లైటు వెలిగించి, వేశాను అన్నాడు. తలుపు మూసి, వేశాను అన్నాడు. పలకలు పీకే ఇద్దరు పనివాళ్ళు చేతులు ఆపి, ఇతనికేమైందని చూశారు.

మేడం నవ్వేసింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వినట్టుంది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. "ఒకే మాటా? రెండిటికీ? మరి మీరెలా బతుకుతున్నారయ్యా!" అంది. వెంటనే భర్తకి ఫోన్ చేసి అంతా చెప్పింది. చెబుతూ తలుపు వైపూ లైటు వైపూ చెయ్యి ఊపింది. అవతల ఆయనా నవ్వినట్టే ఉన్నాడు.

"కంగారుపడకు" అంది ఫోన్ పెట్టేసి. "మీ మేనేజరుకి చెప్పనులే. ఎవరికైనా జరుగుతుంది. వచ్చి ఒప్పుకున్నావు, అది చాలు."

అంతే. అయిపోయింది. నాలుగు రోజులుగా అతను వణికిన శిక్ష ఇదీ. ఎవరికైనా జరుగుతుంది.

"మరి దిల్షాద్‌ని, మేడం..."

నవ్వు పోయింది మేడం మొహంలోంచి. తివాచీ లేని నేలవైపు చూసింది.

"నిన్న పొద్దున నువ్వు ఫోన్ చేశావు కదా. అప్పటికి పీఆర్వో నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆమె పాస్‌పోర్టు ఈ బల్ల మీదే ఉంది. నువ్వెందుకు చెప్పలేదు? ఆమె ఎందుకు చెప్పలేదు? అడిగాను కదా నేను. నిన్న మధ్యాహ్నమే ముద్ర పడిపోయింది. కొత్తమ్మాయి వీసా కూడా వచ్చేసింది. ఇప్పుడు నా చేతుల్లో ఏం లేదు. రేపు ఆమె విమానం."

త్రిమూర్తులు అప్పటిదాకా చేతిలోనే ఉన్న పెట్టెని కింద పెట్టాడు.

"దిల్షాద్‌తో కూర్చో" అంది మేడం చివరికి, మెట్లెక్కుతూ. "ఏ బొమ్మ ఎప్పుడు వాడుతుందో అడిగి రాసుకో. ఈ ఇల్లు ఆమెకి తెలిసినట్టు నాక్కూడా తెలియదు."

దిల్షాద్ బేగం వంటింట్లో డబ్బాలు తుడుస్తోంది. పప్పులు, మసాలాలు, అన్నీ కొత్తగా వచ్చేవాళ్ళకి అందేలా కింది అరలోకి మార్చింది. హాల్లో మాటలు విన్నదో లేదో తెలియడంలేదు. అతన్ని చూసి స్టూలు జరిపింది.

"కూచో నాయనా. టీ పెట్టేదా?"

"వద్దమ్మా."

అయినా పెట్టింది. టీ మరుగుతుంటే తెర దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. అతను నోటుపుస్తకం తెరిచాడు.

"ఈ సూర్యుని బొమ్మ పొద్దున ఆరింటికి ముందు నొక్కకూడదు. నొక్కితే పైన కర్టెన్లన్నీ పక్కకు పోతాయి, చిన్నపాప లేస్తాది. స్కూలు లేని దినం ఎనిమిదింటికి నొక్కాల. సార్ ఊర్లో లేనప్పుడు గేటు లైటు రాత్రంతా ఉండాల, మేడంకు భయం. ఆమె చెప్పదు, మనమే చూసుకోవాల. ఏసీ ఇరవై నాలుగు మీద ఉంటే ముసలి అత్తగారికి మోకాళ్ళు నొప్పి. ఆమె వచ్చినప్పుడు ఇరవై ఆరు."

త్రిమూర్తులు రాస్తున్నాడు. ఇన్నాళ్ళూ ఈ ఇంటికి బుద్ధులు చెప్పింది తనే అనుకున్నాడు. సూర్యుడి బొమ్మ ఆరింటికి అని పెట్టాడే గాని, చిన్నపాప సంగతి అతనికి తెలియదు. అత్తగారి మోకాళ్ళ సంగతీ తెలియదు.

"అమ్మా" అన్నాడు పెన్ను ఆపి. "మేడంతో చెప్పేశాను. తప్పు నాదేనని."

"ఇనపడింది." టీ గ్లాసులో పోసి అతని ముందు పెట్టింది. "నవ్వింది గదా మేడం."

"ముద్ర పడిపోయిందంటండి."

"ఊ."

"మీరు ఆ రోజు ఎందుకు చెప్పలేదండి? హిందీలో చెప్తే మేడంకి అర్థమయ్యేది కదా."

దిల్షాద్ బేగం తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. ఒక్కో వేలూ తుడుచుకుంది.

"నిండినాక ఇంగా తియ్యమంటాడేందని నాకు అనిపించింది నాయనా. కిందనుంచి నీళ్ళు పోయే దావ ఏదన్నా ఉంటాదిలే, చదువుకున్నోనికి తెల్దా అనుకున్యా. శనివారం నువ్వు వచ్చి ఆ డబ్బాలో చదువుతాంటే, ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడని చూస్తా ఉండినా. నేను చెప్పుంటే, మేడం నిన్ను అడుగుతాది. నువ్వు లేదంటే? అట్లాంటి మాట నేను అనలేదంటే? పనిమనిషి మాట, ఇంజనీరు మాట, ఏది నిలబడుతాది? పని ఎట్లాగూ పోతాది. అబద్ధాలదాన్ని అని కూడా అయితాది. దానికన్నా నీ నోట ఆ లేదు అనే మాట ఇనకుండా పోతే చాలనుకున్యా. నువ్వంటే నాకు బాగా నమ్మకం ఉండింది నాయనా."

ఉండింది. త్రిమూర్తులు ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. ముక్కు చీదుకోవడానికన్నట్టు పక్కకి తిరిగాడు. తిట్టినా బాగుండేది, చెంప పగలగొట్టినా బాగుండేది. టీ గ్లాసు వేడికి వేళ్ళు కాలుతున్నా పట్టుకునే ఉన్నాడు.

"నన్ను క్షమించండమ్మా" అన్నాడు.

"మా ఆయప్పకు నేను చెప్పలేదు. నువ్వూ చెప్పద్దు" అంది. "మూడేండ్లు ఈడ ఒంటిగా ఉండల్ల. కోపం పెట్టుకోని ఉండేది కష్టం."

మిగతా బొమ్మలన్నీ చెప్పింది. కర్టెన్లు, గేటు, పైన పిల్లల గది. చివరికి నీళ్ళ బొమ్మ దగ్గరికి వచ్చి, తొట్టి నింపేది పొద్దున పూట, మనిషి అక్కడ్నే ఉండాల అని రాయించింది. ఏ మాట వాడమంటావో నువ్వే చూసి రాసుకో అంది. అతను మాటలేమీ రాయలేదు. బొమ్మ వేశాడు.

పుస్తకం మూసి లేవబోతుంటే ఆపింది.

"వచ్చే పిల్ల నేపాల్‌దంట. చదువు రాదంట దానికీ. నీ నంబరు పెట్టిపోదునా?"

అతను ఆమె వైపు చూశాడు. ఎత్తిపొడుపేమో అనుకున్నాడు. ఆమె మొహంలో అలాంటిదేమీ లేదు. ఫ్రిజ్ మీదినుంచి ఒక తెల్లకాగితం తెచ్చి బల్ల మీద పరిచింది, ముడతలు పోయేలా అరచేత్తో రెండుసార్లు నిమిరింది.

"పెట్టండి" అన్నాడు.

అంకెలు పెద్దవిగా రాశాడు. ఆమె కాగితాన్ని తెర పక్కన గోడకి ఆనించి, ఆ పిల్ల ఎంత ఎత్తుంటుందో ఊహించుకుని, కాస్త కిందికి దించి, నాలుగు మూలలా టేపు అంటించింది.

"చేస్తే తొందరపడకుండా మాట్లాడు నాయనా" అంది, టేపు మీద బొటనవేలు నొక్కుతూ. "ఏదన్నా రెండోసారి అడిగితే, ఇంగొకసారి ఆలోచించి చెప్పు."